అన్నిటికీ ‘చాలా బాగుంది’ అని టిక్కు పెట్టేముందు

పోయిన ఆదివారం సంఘం మీటింగులో నేనన్న ఒక్క మాటకు కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. ఇద్దరు ఫోన్ చేసి మరీ చెప్పారు. గ్రూపులో ముక్కలు ముక్కలుగా జవాబులు రాస్తే మాటకు మాట పెరుగుతుంది తప్ప సంగతి తేలదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. పొడుగైంది, తీరిక చూసుకుని చదవండి.

మీటింగుకు రానివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. మన సంఘంలో మాజీ సైనికుల కుటుంబాలు చాలానే ఉన్నాయి. హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల పల్లెల నుంచి మనవాళ్ళు తాతల కాలం నుంచీ పట్టాళానికి పోతూనే ఉన్నారు. బెంగళూరు అలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ శాపర్స్‌లో చేరినవాళ్ళు వీళ్ళలో ఎందరో. అక్కడ అందరినీ ‘తంబి’ అనే పిలుస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో కన్నడం, పరేడ్ గ్రౌండులో హిందీ మాట్లాడిన తంబులు మనవాళ్ళు. రిటైరైన ఈ కుటుంబాలకు వైద్యం ఈసీహెచ్‌ఎస్ ద్వారా అందుతుంది. కార్డు తీసుకుని పాలిక్లినిక్‌కు పోతారు. అక్కడ కుదరని జబ్బయితే ఒప్పందం ఉన్న పెద్ద ఆసుపత్రికి రాసిస్తారు.

మన కార్యవర్గం మంచి ఉద్దేశంతోనే ఒక ఫారం అచ్చు వేయించింది. పది ప్రశ్నలు. వైద్యసేవలు ఎలా ఉన్నాయి, డాక్టరు మర్యాదగా మాట్లాడారా, శుభ్రత ఎలా ఉంది, మందులు అందుతున్నాయా, ఇలాంటివి. ఒక్కో ప్రశ్న ఎదురుగా నాలుగు గళ్ళు: చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు. నింపిన ఫారాలన్నీ కట్టగట్టి, ఒక కృతజ్ఞతా పత్రం జతచేసి, వచ్చే నెలలో పాలిక్లినిక్ ఇన్‌ఛార్జి అధికారికి శాలువా కప్పి ఇవ్వాలని అనుకున్నారు. వచ్చిన ఫారాలు నేను చూశాను. ఒకటీ అరా తప్ప అన్నీ ‘చాలా బాగుంది’లే. పై నుంచి కింది దాకా ఒకే వరసలో, కవాతు చేసినట్టు టిక్కులు.

అప్పుడు నేనన్నాను: “ఇవి ఇలాగే పంపితే మనం అబద్ధం రాసి ఇచ్చినట్టే.”

ఆ మాట కొంచెం కటువుగానే వచ్చింది. దానికి మన్నించమంటాను. మాటను మాత్రం వెనక్కి తీసుకోలేను. ఎందుకంటే ఆ ఫారాల్లో ఒకటి నేను నింపిందే.

అది మా చిన్నమ్మ ఫారం. చిన్నాయన శాపర్స్‌లో హవల్దారుగా 1994లో రిటైరయ్యాడు, ఆరేళ్ళ కిందట పోయాడు. ఇప్పుడు ఫ్యామిలీ పింఛను ఆమెకు వస్తుంది. వయసు డెబ్బై దాటింది. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు. ఇంగ్లీషు చదవలేదు, తెలుగు కూడా కూడబలుక్కునే చదువుతుంది. నేను ప్రశ్న చదివి చెప్తే, ఆమె ఒక్కోదానికీ “బాగుండాదని పెట్టు నాయనా” అంటా పోయింది. పది ప్రశ్నలూ అయిదు నిమిషాల్లో అయిపోయాయి. ఫారం మడిచి జేబులో పెట్టుకుని, కాఫీ తాగుతూ ఊరికే అడిగాను, ఈ నెల మందులు తెచ్చుకున్నావా అని.

“యాడ నాయనా, పోయి అయిదు నెల్లాయె.”

మరి మందులు? ఊళ్ళో మెడికల్ షాపులో కొంటోందట. పది మాత్రల పట్టీ కొని, రోజుకు రెండు వేసుకోవాల్సినచోట ఒకటి వేసుకుంటోంది. “తీపి తినను కదా, ఒగటి సాలు” అంటుంది. షుగరు పరీక్ష చేయించి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

నేను జేబులోంచి ఫారం తీసి అడిగాను. “అయిదు నెలలుగా పోనిదానివి, మందులు అందుతున్నాయా అంటే చాలా బాగుంది అని ఎట్లా పెట్టమన్నావు?”

ఆమె నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. “వాళ్ళు మంచోళ్ళు నాయనా. మీ చిన్నాయన్ను బతికించిండారు. వాళ్ళ మీద నేను చెడ్డగా రాయల్నా?”

నా గొడవంతా ఈ జవాబు దగ్గరే ఉంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. చిన్నాయన సర్వీసులో ఉన్నప్పుడు ఒకసారి కడుపులో పుండు పగిలి ప్రాణం మీదికి వచ్చింది. రాత్రికి రాత్రి అంబులెన్సు, బెంగళూరు కమాండ్ హాస్పిటల్‌లో ఆపరేషను, నెల దాటి వార్డులో. ఇంటికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మా ఇళ్ళలో ఆ కథ పురాణంలా చెప్పుకుంటారు. మిలిటరీ నర్సింగ్ సర్వీస్ సిస్టరమ్మలు రాత్రి రెండింటికి కూడా ఇస్త్రీ బట్టల్లో ఎలా తిరిగేవారో చిన్నాయన ఎన్నిసార్లు చెప్పాడో. ఫారం మీద టిక్కు పెట్టేటప్పుడు చిన్నమ్మకు గుర్తుకొచ్చింది ఆ వార్డు. ఫారం అడిగింది మాత్రం ఇప్పటి పాలిక్లినిక్ గురించి. రెండూ ‘మిలిటరీ ఆసుపత్రే’ మన నోట్లో. నిజానికి రెండూ వేరు.

సర్వీసులో ఉన్నవాడికి వైద్యం సైన్యం పనిలో భాగం. సిపాయి ఒళ్ళు బాగుంటేనే యూనిట్ బాగుంటుంది. యూనిట్లోనే ఎంఐ రూమ్, అక్కడే డాక్టరు, పైన మిలిటరీ హాస్పిటల్, ఆ పైన కమాండ్ హాస్పిటల్. రోగి ఒకచోట నుంచి ఇంకోచోటికి పోవడానికి బండి కూడా వాళ్ళదే. రిటైరైనవాళ్ళ కోసం వచ్చిన ఈసీహెచ్‌ఎస్ అలాంటిది కాదు. అది 2003 ఏప్రిల్ 1న మొదలైంది. దేశంలో 400 పైచిలుకు పాలిక్లినిక్‌లు, 60 లక్షలకు పైగా లబ్ధిదారులు. పాలిక్లినిక్‌లో డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, క్లర్కు చాలావరకు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు. మందులు పైనున్న మిలిటరీ హాస్పిటల్ ద్వారా రావాలి. పెద్ద చికిత్సలు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరగాలి. అంటే రోగి, మందు, డాక్టరు, డబ్బు నాలుగూ నాలుగు చోట్ల ఉంటాయి. నాలుగింటినీ కలిపే పని ఎవరిది? రోగిదే. డెబ్బై ఏళ్ళ రోగిది.

ఇంకో మాట కూడా చెప్పాలి. సైన్యంలో ఇరవై ఏళ్ళు చేసినవాణ్ణి ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘ఠీక్ హై సాబ్’ తప్ప ఇంకో జవాబు రాదు. అది వాళ్ళకు నేర్పిన జవాబు. సిక్ రిపోర్టుకు రోజూ పోయేవాణ్ణి పని ఎగ్గొట్టేవాడుగా చూస్తారు. మెడికల్ కేటగిరీ ‘షేప్ వన్’ నుంచి కిందికి పడితే ప్రమోషను, కోర్సు, పోస్టింగు అన్నిటికీ దెబ్బ. అందుకే మోకాలు వాచినా, చెవి సరిగా వినపడకపోయినా దాచుకుని పరిగెత్తినవాళ్ళు మనలోనే ఉన్నారు, పేర్లు వద్దు. నొప్పి చెప్పుకోకపోవడమే మగతనం, క్రమశిక్షణ అని నేర్చుకున్న మనిషి చేతికి ఫారం ఇచ్చి, నీ నొప్పి ఎంతో టిక్కు పెట్టు అంటే ఏం పెడతాడు? రోగుల సంతృప్తిని కొలిచే పనిలో ఉన్నవాళ్ళు మామూలుగానే ఒకటి గమనించారు: వయసులో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకంటే ఎక్కువ మార్కులు వేస్తారు. ఇక పెద్దవయసూ, పట్టాళపు అలవాటూ కలిస్తే చెప్పేదేముంది.

మన సుబేదారు మామ మీటింగులో లేచి అన్నమాట మీరంతా విన్నారు. “అన్నం పెట్టిన చెయ్యిరా అది. దాని మీద ఫిర్యాదు రాస్తావా?” మామ మీద నాకెంత గౌరవమో అందరికీ తెలుసు. ఆయన మాటలో సగం నేను ఒప్పుకుంటాను. మన సంఘంలోనే గుండెకు బైపాస్ చేయించుకున్నవాళ్ళు, మోకాలు మార్పించుకున్నవాళ్ళు, క్యాన్సరుకు ఏళ్ళ తరబడి మందు ఎక్కించుకుంటున్నవాళ్ళు ఉన్నారు. అదే జబ్బులు వచ్చిన మన పక్కింటి రైతులు పొలం అమ్ముకున్నారు. ఈ తేడా చిన్నది కాదు. ఈసీహెచ్‌ఎస్ లేకపోతే మన ఇళ్ళలో ఎన్ని ఇళ్ళు మునిగేవో నేను లెక్క వేయగలను.

ఒప్పుకోని సగం ఏమిటంటే, అది దానం అన్న భావన. ఇప్పుడు రిటైరయ్యే హవల్దారు ఈ పథకంలో చేరడానికి ఒకేసారి 30,000 రూపాయలు కడుతున్నాడు. జేసీఓలు 67,000. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవాళ్ళకు చందా మాఫీ, చిన్నాయన ఆ లెక్కలోకి వచ్చాడు. కార్డు తీసుకున్నవాళ్ళకు మామూలుగా పింఛనుతో వచ్చే మెడికల్ అలవెన్స్ రాదు. కాబట్టి ఎవరూ ఊరికే ఇవ్వడంలేదు. సియాచిన్‌లో వేళ్ళు పోగొట్టుకున్నవాడు, రాజస్థాన్ ఎండలో బ్రిడ్జీలు కట్టినవాడు ముందే కట్టిన డబ్బు అది. అన్నం పెట్టిన చెయ్యి మాట నిజమే మామా. ఆ చేతికి కూడా ఏ వేలు నొప్పిగా ఉందో తెలియాలి కదా?

సరే, అసలు ఇబ్బంది ఎక్కడుంది? ముందే చెప్తున్నాను, ఏ ఊరి పాలిక్లినిక్ అని ఇక్కడ రాయను. అక్కడ పనిచేసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. చిన్నమ్మను తీసుకుని నేను మూడుసార్లు పోయాను. ఆ డాక్టరమ్మ ఉదయం నుంచి తలెత్తకుండా చూస్తూనే ఉంటుంది.

మొదటిసారి పోయినప్పుడు జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను. తెల్లవారి అయిదున్నరకు ఊరి బస్సు. ఇంకోచోట దిగి రెండో బస్సు. ఎనిమిదిన్నరకు టోకెను. పదకొండుకు డాక్టరు. చీటీలో ఆరు మందులు. మందుల కిటికీ దగ్గర వరస. పన్నెండున్నరకు మా వంతు. ఆరింటిలో నాలుగు ఇచ్చారు, రెండింటి పక్కన ఎర్ర సిరాతో ‘ఎన్‌ఏ’. నాట్ అవైలబుల్. ఆ రెండింటిలో ఒకటి షుగరు మందు. ‘తెప్పిస్తాం, వచ్చేవారం కనుక్కోండి’ అన్నారు. అది నిబంధన ప్రకారమే. స్టాకులో లేని మందును ఒప్పందం ఉన్న మందుల షాపు నుంచి తెప్పించి ఇవ్వాలి. బయట కొనుక్కుని బిల్లు పెట్టే దారి కూడా ఉంది, దానికి లేదన్న ముద్ర, అసలు రశీదులు, ఆన్‌లైన్‌లో క్లెయిము ఉండాలి. చిన్నమ్మకు ఇవన్నీ ఎవరు చేస్తారు?

వచ్చేవారం మళ్ళీ పోయాం. ఒక మందు వచ్చింది, ఒకటి రాలేదు.

ఆమె ఒక్కతే బస్సెక్కలేదు. కోడలు తోడు రావాలి. కోడలు గార్మెంటు ఫ్యాక్టరీలో చేస్తుంది, ఒకరోజు మానేస్తే ఆ రోజు జీతంతోపాటు హాజరు బోనస్ కూడా పోతుంది. నెలకు రెండు రోజులు మానేస్తే సూపర్‌వైజరు మాటలు. అందుకని చిన్నమ్మే ఒక నిర్ణయం తీసుకుంది. ఎవరితోనూ అనకుండా, ఎవరినీ నొప్పించకుండా, పోవడం మానేసింది. ఊళ్ళో షాపులో సగం మందు కొనుక్కుంటోంది. ఏ రికార్డులోనూ ఇది ఎక్కదు. పాలిక్లినిక్ రిజిస్టరులో ఆమె రాలేదు కాబట్టి ఆమెకు ఇబ్బంది లేనట్టే. మన ఫారంలో అయితే ఆమె ‘చాలా బాగుంది’.

మందులు అయిపోవడం ఒక్క మన దగ్గరి సమస్య అనుకోకండి. 2015లోనే కాగ్ ఈ పథకం మీద ఆడిట్ నివేదిక ఇచ్చి, మందుల కొరత గురించీ ఆసుపత్రుల బిల్లుల గురించీ ఎత్తిచూపింది. అంటే ఢిల్లీలో తెలియని సంగతి కాదు. కానీ ఢిల్లీలో తెలిసింది వేరు, ఈ పాలిక్లినిక్‌లో ఈ మూడు మందులు ఈ నాలుగు నెలలుగా లేవు అని రాసి ఉన్న కాగితం వేరు. రెండోది చేతిలో ఉంటేనే ఇన్‌ఛార్జి అధికారి పైకి గట్టిగా ఇండెంటు పెట్టగలడు. మనం శాలువాతోపాటు ‘మందులు చాలా బాగా అందుతున్నాయి’ అన్న కట్ట ఇస్తే, ఆయన చేతులు మనమే కట్టేసినట్టు. రేపు ఆయన పైవాళ్ళను మందులడిగితే, మీ పేషెంట్లే బాగుందని రాశారు కదా అంటారు.

భాష సంగతి కూడా ఉంది. మన మగవాళ్ళకు హిందీ వచ్చు, కాబట్టి వాళ్ళకు ఇది కనపడదు. క్వార్టర్స్‌లో కాపురం చేసిన ఆడవాళ్ళకూ కొంత వచ్చు. చిన్నమ్మలాగా అత్తామామలను చూసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళకు రాదు. చిన్నాయన ఉన్నంతకాలం ఆయనే పోయి, ఆయనే మాట్లాడి, ఆయనే మందులు తెచ్చేవాడు. ఆయన పోయాక ఆమె ఆ కిటికీ దగ్గర మొదటిసారి నిలబడింది. బీపీ మాత్ర మార్చినప్పుడు మందులిచ్చే అబ్బాయి ‘ఆధా, ఆధా’ అని రెండుసార్లు చెప్పాడట. పాపం మంచిగానే చెప్పాడు. అర మాత్ర అని ఆమెకు తెలుగులోనో తమిళంలోనో చెప్పినవాళ్ళు లేరు. ఇంటికొచ్చి నిండు మాత్ర వేసుకుంది. నాలుగోరోజు దొడ్లో కళ్ళు తిరిగి పడింది. ఎముక విరగలేదు, అదృష్టం. ‘డాక్టరు వివరంగా చెప్పారా’ అన్న ప్రశ్నకు కూడా ఆమె చాలా బాగుంది అనే పెట్టించింది, ఎందుకంటే ఆ అబ్బాయి రెండుసార్లు చెప్పాడు కదా.

పెద్ద ఆసుపత్రుల గొడవ గురించి ఎక్కువ రాయను, అందరికీ అనుభవమే. రెఫరల్ చీటీ తీసుకుని పోతే ‘ఈసీహెచ్‌ఎస్ బెడ్లు లేవు, రేపు రండి’ అంటారు. పక్కనే డబ్బు కట్టేవాడికి బెడ్డు ఉంటుంది. ఆసుపత్రి పెట్టిన బిల్లు ఆన్‌లైన్‌లో పోయి, బిల్లుల ఏజెన్సీ పరిశీలించి, అధికారులు ఒప్పుకుని, డబ్బు రావాలి. అది నెలల తరబడి ఆగితే ఆసుపత్రివాళ్ళు ఆ కోపం మన రోగి మీద చూపిస్తారు. తప్పు ఇద్దరిదీ ఉండొచ్చు. మధ్యలో వీల్‌చైర్లో కూర్చున్నవాడిది మాత్రం కాదు.

ఈ సందర్భంలో ఒకటి చెప్పి తీరాలి, ఎందుకంటే పోయిన ఏడాది మన సంఘం కుటుంబం ఒకటి దీనివల్లే నష్టపోయింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు రెఫరల్ అక్కర్లేదు. ఒప్పందం ఉన్న ఆసుపత్రికి నేరుగా పోవచ్చు, కార్డు చూపిస్తే వాళ్ళే సమాచారం పంపాలి. ఒప్పందం లేని ఆసుపత్రికి పోవాల్సి వస్తే కూడా పోవచ్చు, అయితే 48 గంటల్లోపు దగ్గరి పాలిక్లినిక్‌కు తెలపాలి. తర్వాత ఎమర్జెన్సీ అని ఆసుపత్రి ఇచ్చిన సర్టిఫికెట్టు, అసలు బిల్లులు పెట్టుకోవాలి. డబ్బు సీజీహెచ్‌ఎస్ రేట్ల ప్రకారం వస్తుంది, కట్టిందంతా రాదు. ఆ కుటుంబానికి రాత్రి పూట పక్షవాతం వచ్చింది, దగ్గరున్న ఆసుపత్రికి తీసుకుపోయారు, సరైన పనే చేశారు. తెలపాలని మాత్రం తెలియదు. పదో రోజు డిశ్చార్జి అయ్యాక పోయి చెప్పారు. ఇప్పటికీ ఆ కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్ళ ఫారం కూడా కట్టలో ఉంది. దానిమీద ‘బాగుంది’ అని ఉంది. ‘చాలా’ ఒక్కటే వదిలేశారు, అది వాళ్ళ నిరసన అనుకుంటాను.

ఈ 48 గంటల మాట తెలుగులోనూ తమిళంలోనూ ఒక కాగితం మీద అచ్చు వేసి ప్రతి ఇంటి తలుపు వెనక అంటించడానికి మనకెంత ఖర్చవుతుంది? శాలువా ఖర్చు అంత కూడా కాదు.

ఇక ఫోన్ చేసిన ఒక అన్న అడిగిన ప్రశ్న: “నువ్వు తప్పులు చెప్తున్నావు, మరి ఏం చేయాలంటావు?” న్యాయమైన ప్రశ్న. నాకు తోచింది చెప్తాను.

ఆ ఫారాలు పంపవద్దు. పాత ప్రశ్నలు తీసేసి వేరే ప్రశ్నలు అడుగుదాం. ఎలా ఉంది అని అడిగితే మనవాళ్ళు మర్యాద కోసం బాగుంది అంటారు. అందుకని ఏం జరిగింది అని అడగాలి. పోయిన మూడు నెలల్లో ఎన్నిసార్లు పోయావు? రాసిన మందుల్లో ఎన్ని అదేరోజు దొరికాయి? దొరకనివి ఏవి, వాటి పేర్లేమిటి? ఒక నెల మందుల కోసం ఎన్నిసార్లు తిరిగావు? తోడు ఎవరొచ్చారు, వాళ్ళకు ఆరోజు జీతం పోయిందా? మాత్ర ఎలా వేసుకోవాలో ఏ భాషలో చెప్పారు? డబ్బు లేకనో పోలేకనో మందు మానేసిన రోజులున్నాయా? వీటికి జవాబు చెప్పడానికి ఎవరినీ తిట్టక్కర్లేదు, ఎవరికీ కృతఘ్నులం కానక్కర్లేదు. చిన్నమ్మ కూడా చెప్తుంది.

ఇంకా ముఖ్యం, రానివాళ్ళ దగ్గరికి మనం పోవాలి. మీటింగుకు వచ్చేవాళ్ళు, ఫారం నింపేవాళ్ళు కాలు చేయి ఆడేవాళ్ళు, హిందీ వచ్చినవాళ్ళు. మన సంఘంలో ఫ్యామిలీ పింఛను తీసుకునే అమ్మలు ఎంతమంది ఉన్నారో కార్యవర్గం దగ్గర జాబితా కూడా లేదు. సన్మానాలకు శాలువాలు ఎన్ని కొన్నామో లెక్క ఉంది. ఇది ఎత్తిపొడుపే, కోపం తెచ్చుకోండి, పరవాలేదు.

వారానికి ఒకరోజు మనవాళ్ళు ఇద్దరు పాలిక్లినిక్ దగ్గర కూర్చుంటే చాలు. ఒకరు హిందీ, తమిళం, తెలుగు వచ్చిన రిటైరైనవాళ్ళు. ఒకరు ఫోనులో క్లెయిము ఎక్కించడం తెలిసిన పిల్లలు. లేని మందుల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకుని నెలకోసారి ఇన్‌ఛార్జికి రాతపూర్వకంగా ఇద్దాం. ఇంట్లో కూర్చుని ఫోనులో మిలిటరీ డాక్టరుతో మాట్లాడే ‘సెహత్’ టెలీకన్సల్టేషన్ 2021 నుంచి ఉంది. మన అమ్మల్లో ఎంతమందికి దాని పేరు తెలుసు? చిన్నచిన్న అనుమానాలకు రెండు బస్సులు ఎక్కే బాధ తప్పుతుంది.

ఈ పనికి మొదటిపేరు ఎవరిది ఉండాలో కూడా నాకు తెలుసు. మన సుబేదారు మామే. ఆయన నిలబడితే కిటికీ అవతల ఉన్నవాళ్ళు లేచి నిలబడతారు. నాలాంటివాడు పోతే ‘మీరెవరు’ అంటారు. మామా, మీరు నా మీద కోపంగా ఉన్నారని తెలుసు. ఉండండి. బుధవారం మాత్రం రండి. మీ స్కూటరు వెనక నేను కూర్చుంటాను, బస్సుకు పోయినా సరే.

శాలువా విషయం. కప్పుదాం. నాకు అభ్యంతరం లేదు. ఆ డాక్టరమ్మకు ముందు కప్పుదాం, ఆ ‘ఆధా’ చెప్పిన అబ్బాయికి కూడా. ఆ పక్కనే మందుల నోటుబుక్కు పెడదాం.

నిన్న సాయంత్రం చిన్నమ్మ ఇంటికి పోయి, ఫారం మళ్ళీ చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. కొత్త ప్రశ్నలు కాదు, పాతవే. నిజంగా ఏం జరిగిందో అదే చెప్పు, ఎవరికీ చెడ్డ రాదు, నేను పూచీ అన్నాను. చాలాసేపు ఊరకే కూర్చుంది. చిన్నాయన ఫోటో వైపు ఒకసారి చూసింది. తర్వాత ఒక్కొక్కటే మార్చమంది. మందులు, మార్చింది. వివరంగా చెప్పారా, మార్చింది. దూరం, తిరుగుడు, అన్నీ మార్చింది. ‘డాక్టరు మర్యాదగా మాట్లాడారా’ దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో పెన్ను పట్టుకుంది.

“అది మార్చొద్దు నాయనా. ఆయమ్మ నన్ను అమ్మా అనింది.”

అది అలాగే ఉంచాను.